గోడకు ఎంత గరుకు కావాలి? జపాన్ టైల్స్, డెల్టా ఇళ్లు

ఉయ్యూరులో కొత్త ఇల్లు కట్టేవాళ్ల దగ్గర కూర్చుంటే మాట కాసేపటికి టైల్స్ మీదికి వస్తుంది. నేల సంగతి తొందరగానే తేలిపోతుంది. తేలనిది గోడ సంగతి. వంటగదికి నిగనిగలాడేవి వేయాలా, మ్యాట్ వేయాలా? ముందు గోడకు రాతి ముక్కల్లా పొడుచుకొచ్చిన ఎలివేషన్ టైల్స్ బాగుంటాయా, సాదావి చాలా? పూజగది పక్కన ఉబ్బెత్తు లక్ష్మీదేవి పలకా, ప్రింటు బొమ్మా? షాపులో కేటలాగు తిప్పినంతసేపూ రంగూ డిజైనూ కనిపిస్తాయి. చెయ్యి వేస్తే ఎలా ఉంటుంది, సాయంత్రం ఎండలో ఎలా కనిపిస్తుంది, ఏడాది తర్వాత ఎలా కడగాలి అన్నవి బిల్లు కట్టాక గుర్తొస్తాయి.

ఈ ప్రశ్నలను నూరేళ్లకు పైగా పట్టుదలగా పరిశీలించిన దేశం జపాన్. అక్కడా వేసవి ఉక్కపోతే, అక్కడా విడవని వానలే, తేమ గోడల బాధ అక్కడా ఉంది. పైగా ఒకప్పుడు మన దేశపు ఇళ్లకు ఓడల మీద టైల్స్ పంపింది కూడా జపానే. ఆ టైల్స్ ఉపరితలాలు ఎన్ని రకాలు, ఏది ఎందుకు పుట్టింది, వాటిలో కృష్ణా డెల్టా ఇంటికి పనికొచ్చేది ఏది అన్నది ఈ సమీక్ష. నా అభిప్రాయం ముందే చెబుతాను. గోడ గరుకుతనాన్ని అందం పద్దులోంచి తీసి పని పద్దులో రాయాలి. వెలుగు, చెయ్యి, నీళ్లు ఈ మూడింటితో ఆ గోడకు రోజూ పని పడుతుంది. మూడింటికీ జవాబు చెప్పగల టైలే మంచి టైల్.

టైల్‌కు ముందు

తెలుగు నేలకు గోడ పలక కొత్త కాదు. హైదరాబాద్‌లో కులీ కుతుబ్ షా కట్టించిన బాద్షాహీ అషూర్‌ఖానా గోడల మీద 1611 నాటి పలకల పని ఉంది. రంగురంగుల మెరుగు పలకలను ఆకారానికి తగ్గట్టు కోసి, ముక్కకు ముక్క అతికి చేసిన పని అది. 1908 మూసీ వరదలో కొంత పోయింది, మిగిలిందే కళ్లు చెదిరేలా ఉంటుంది. అక్కడ ఉపరితలం చదునే. గోడకు ప్రాణం పోసేది ముక్కల అంచుల దగ్గర విరిగే వెలుగు.

డెల్టా పల్లెల్లో మాత్రం గోడ అంటే సున్నం. కలిగినవాళ్ల మండువా లోగిళ్లలో డంగు సున్నానికి బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి, గచ్చు చేసి, గులకరాయితో రుద్ది రుద్ది మెరిపించేవారు. ఆ నునుపు మనిషి చేతిలోంచి వచ్చింది కనుక పూర్తి చదునుగా ఉండదు. దీపం వెలుగులో మెత్తగా అలలు కనిపిస్తాయి. మన గోడల తొలి టెక్స్చర్ అదే.

జపాన్‌లో ఎడో కాలం నాటి గిడ్డంగులకు నమాకో గోడలు కట్టేవారు. నల్లని చదరపు పెంకు పలకలను గోడకు బిగించి, వాటి కీళ్ల మీద తెల్లటి సున్నపు గారను గుండ్రంగా ఉబ్బేలా దిద్దేవారు. వాన నీరు కీలులోకి దిగదు, నిప్పు తొందరగా అంటుకోదు. ఇజు ద్వీపకల్పంలోని మత్సుజాకిలో అలాంటి గోడలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ పలక చదును, ఎత్తంతా కీలుది. కీలు కనబడకుండా చేయడమే పనితనం అనుకునే మన కాలానికి అది పనికొచ్చే పాఠం. కీలును దాచకుండా దాని చేత పని చేయించుకోవచ్చు.

ఓడెక్కి వచ్చిన ఉబ్బెత్తు పలక

పొడి మట్టిని లోహపు అచ్చులో పెట్టి గట్టిగా నొక్కి పలక తీసే పద్ధతిని 1840లో ఇంగ్లండులో రిచర్డ్ ప్రాసర్ కనిపెట్టాడు. దానితోనే విక్టోరియా కాలపు రంగు టైల్స్ ప్రపంచమంతా వ్యాపించాయి. జపాన్‌లో అవాజీ ద్వీపపు డాంటో సంస్థ, నగోయాలోని ఫుజిమి సంస్థ 1908 ప్రాంతంలో ఈ పద్ధతిని సాధించాయి. మొదటి ప్రపంచ యుద్ధంతో ఐరోపా సరుకు ఆగిపోగానే ఆసియా మార్కెట్ జపాన్ చేతికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేదాకా జపాన్‌లో చేసిన మజోలికా టైల్స్, అంటే రంగు గ్లేజు పోసిన ఉబ్బెత్తు పలకలు, భారతదేశానికీ తైవాన్‌కూ ఆగ్నేయాసియాకూ పెట్టెల కొద్దీ ఎగుమతి అయ్యాయి. కారైకుడి చుట్టుపక్కల చెట్టినాడు భవంతుల్లో, కలకత్తా, బొంబాయి ఇళ్లలో ఇవాళ్టికీ అవి గోడల మీద ఉన్నాయి. మన దేశం కోసమే కృష్ణుడు, లక్ష్మి, సరస్వతి బొమ్మలతో ప్రత్యేకంగా పలకలు చేశారు. వాటిలో చాలా వాటికి మూలం రవివర్మ ముద్రణాలయపు పటాలు.

ఆ పలకను దగ్గరగా పట్టుకుని చూడాలి. ఆరంగుళాల చదరం. పువ్వు అంచు చుట్టూ సన్నని దారమంత గట్టు లేచి ఉంటుంది. అది అచ్చులోనే వచ్చింది. ఆ గట్టుకు ఇవతల ఒక రంగు, అవతల ఇంకో రంగు. బట్టీలో గ్లేజు కరిగి పారినప్పుడు ఒకదానిలో ఒకటి కలవకుండా ఆపేది ఆ గట్టే. రేకు మధ్యలో చిన్న పల్లం ఉంటుంది. కరిగిన గ్లేజు అక్కడికి జారి నిలుస్తుంది కనుక అక్కడ రంగు చిక్కగా, అంచు దగ్గర పలచగా కనిపిస్తుంది. ఒకే రంగు పోసినా రేకుకు మూడు నాలుగు ఛాయలు వస్తాయి. కుంచె పట్టకుండానే లోతు ఆ రంగులను గీసింది. వేలితో తడిమితే ఎత్తుపల్లాలు తెలుస్తాయి కానీ ఎక్కడా గరుకు తగలదు, పైనంతా గాజుపొరే. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే జిడ్డు ఊడొస్తుంది. ఆకారం ఉబ్బెత్తు, పైపొర నునుపు అన్న ఈ జోడీ నా దృష్టిలో గోడ టైల్ చరిత్రలోనే అతి తెలివైన ఉపాయం.

అందుకే ఒక విన్నపం. డెల్టాలో పాత ఇళ్లు రోజూ నేలమట్టమవుతున్నాయి. తులసికోటకో, పూజ అరకో, అరుగు అంచుకో ఆరంగుళాల ఉబ్బెత్తు పలకలు కనిపిస్తే పలుగు దింపే ముందు ఒకదాన్ని ఊడదీసి వెనక్కి తిప్పి చూడండి. మేడ్ ఇన్ జపాన్ అన్న అక్షరాలో, తయారీ సంస్థ ముద్రో వెనక అచ్చు వేసి ఉండవచ్చు. తైవాన్‌లోని చియాయి పట్టణంలో కూల్చేసిన ఇళ్ల నుంచి ఇలాంటి పలకలను ఏరి, శుభ్రం చేసి, 2016లో ఏకంగా మ్యూజియమే తెరిచారు. మనం కనీసం ఫొటో తీసి, ఊరి పేరూ ఇంటి వయసూ రాసి పెట్టుకోగలం.

దువ్విన గోడ, బట్ట అద్దిన గోడ

రెండో తరహా పూర్తిగా దీనికి ఎదురు. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ టోక్యోలో ఇంపీరియల్ హోటల్ కట్టేటప్పుడు పసుపు ఛాయ ఇటుకల మీద నిలువు గీతలు గీయించాడు. వాటి కోసం 1917లో తొకొనామెలో ప్రత్యేకంగా కార్ఖానా పెట్టారు. పచ్చి మట్టిని దువ్వినట్టు గీస్తారు. గాడి పక్కన మట్టి కాస్త చిట్లి, ముళ్లలా లేచి, అలాగే కాలి గట్టిపడుతుంది. గ్లేజు ఉండదు. హోటల్ ప్రారంభోత్సవం 1923 సెప్టెంబరు 1న పెట్టుకున్నారు. ఆ రోజే కాంటో మహాభూకంపం వచ్చింది. కూలిన ఇటుక కట్టడాల స్థానంలో కాంక్రీటు భవనాలు లేచాయి, వాటి ఒంటి మీదికి ఈ గీతల టైల్స్ ఎక్కాయి. టోక్యో విశ్వవిద్యాలయపు హోంగో ఆవరణలో ఉచిదా యోషికాజు కట్టిన భవనాలు ఆ రోజుల వేషంలోనే ఉన్నాయి. తొకొనామె కార్ఖానా అనుభవంతో 1924లో మొదలైన ఇనా సంస్థే తర్వాత ఇనాక్స్ అయింది.

క్యోటోలో 1917లో ఇకెదా తైజాన్ పెట్టిన బట్టీ మూడో దారి పట్టింది. పచ్చి పలక మీద బట్ట అద్ది నేత గుర్తు దింపేవారు, దాని మీద గ్లేజు ఒక్కో చోట ఒక్కోలా నిలిచేలా కాల్చేవారు. ఏ రెండు పలకలూ ఒకేలా ఉండవు. గోడంతా కలిపి చూస్తే నేసిన దుప్పటిలా ఉంటుంది.

నాలుగోది మొజాయిక్. గిఫు రాష్ట్రంలోని తజిమి, కసహారా ప్రాంతంలో 1930ల్లో యమౌచి ఇత్సుజో మెరుగు పింగాణీ మొజాయిక్‌ను పెద్ద ఎత్తున తయారుచేసే పద్ధతి తెచ్చాడు. స్నానశాలలు, వంటిళ్లు, పొయ్యి గట్లు అన్నిటికీ అది పాకింది. 2016లో అక్కడ తెరిచిన మొజాయిక్ టైల్ మ్యూజియం భవనాన్ని తెరునోబు ఫుజిమోరి మట్టి తవ్విన కొండ ఆకారంలో రూపొందించాడు. మొజాయిక్‌లో పలక నునుపు, గరుకంతా కీళ్లది.

మెరుపు మీద వ్యతిరేకత కూడా జపాన్‌లో బలంగా వినిపించింది. రచయిత తనిజాకి జునిచిరో 1933లో నీడల గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంలో తన ఇల్లు కట్టుకున్న అనుభవం చెబుతూ, తళతళలాడే తెల్ల టైల్స్ చెక్క ఇంటి ప్రశాంతతను చెడగొడతాయని బాధపడ్డాడు. ఆ తర్వాతి జపాన్ టైల్స్‌లో బూడిద ఛాయలు, మట్టి ఛాయలు, సగం మెరుపు గ్లేజులు విరివిగా కనిపించడం వెనక ఈ అభిరుచి ఉంది.

కంటికి గరుకు, చేతికి నునుపు

ఇప్పుడు బందరు రోడ్డు షాపుల్లోకి వద్దాం. అక్కడున్న సరుకులో ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీది. ఈ తీరానికీ టైల్స్ తయారీ చరిత్ర ఉంది. గోదావరి డెల్టా మొనలో యానాం దగ్గర 1980ల్లో పెట్టిన రీజెన్సీ సెరామిక్స్ 2012 జనవరి అల్లర్లతో మూతపడింది. సామర్లకోటలో ర్యాక్ సెరామిక్స్ కర్మాగారం ఉంది. ద్వారకా తిరుమల చుట్టుపక్కల టైల్స్‌కు పనికొచ్చే బాల్ క్లే నిక్షేపాలు ఉన్నాయి.

ఇంక్‌జెట్ ప్రింటింగ్ వచ్చాక టెక్స్చర్ అన్న మాటకు అర్థం మారింది. రాయి, చెక్క, సిమెంటు, బట్ట దేన్నయినా ఫొటో తీసి పలక మీద దించేయవచ్చు. కన్ను గరుకు అంటుంది, చెయ్యి నునుపు అంటుంది. ఈ మధ్య వస్తున్న కార్వింగ్ టైల్స్ ఆ దూరాన్ని కొంత తగ్గించాయి. బొమ్మలో గీత ఉన్న చోట గ్లేజును తోసేసే ఇంకు వేస్తారు. బట్టీలో గ్లేజు ఆ గీత నుంచి తప్పుకుని సన్నని గాడి ఏర్పడుతుంది. ఇది మంచి ముందడుగు. అయినా నాకు అసంతృప్తి మిగిలే ఉంది. జపాన్ పాత పలకల్లో లోతే రంగును నిర్ణయించింది. ఇక్కడ ప్రింటు ముందే నిర్ణయించేసింది, లోతు దాని వెనక నడుస్తోంది. అందుకే ప్రింటు గోడ పది అడుగుల దూరంలో రాయిలా కనిపించి, దగ్గరికి వెళ్లగానే కాగితంలా తేలిపోతుంది. నాలుగైదు పలకలకోసారి అదే మరక, అదే పగులు మళ్లీ కనిపిస్తే కన్ను ఇట్టే పట్టేస్తుంది.

డెల్టా పెట్టే పరీక్షలు

మొదటిది వెలుగు. రెండు మిల్లీమీటర్ల గట్టు మీద ఎండ 45 డిగ్రీల వాలులో పడితే నీడ రెండు మిల్లీమీటర్లే. అదే వెలుగు గోడను రాసుకుంటూ పది డిగ్రీల వాలులో వస్తే నీడ 11 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే ఉబ్బెత్తు టైల్ అందం దాని లోతు కంటే వెలుగు వాలు మీద ఎక్కువ ఆధారపడుతుంది. వరండా పక్క గోడకు, పైనుంచి దీపం జారే గోడకు స్వల్ప లోతు చాలు. గదిలో ఎదురుగా ట్యూబ్‌లైటు పడే గోడకు ఎంత లోతున్న టైల్ వేసినా చప్పగానే ఉంటుంది, దుమ్ము మాత్రం నిలుస్తుంది. ఈ లెక్క చూసుకోకుండా మూడు నాలుగు రెట్లు లోతున్న ఎలివేషన్ పలకలు కొనడం డబ్బు దండగ.

రెండోది వంటిల్లు. మన తాలింపు నూనె ఆవిరై గోడ మీద పలచగా పేరుకుంటుంది, దాని మీద పసుపు, కారం కూర్చుంటాయి. మెరుపు గ్లేజు మీద జిడ్డు పైనే ఉంటుంది. మ్యాట్ గ్లేజు కంటికి సాఫీగా ఉన్నా దాని ఉపరితలంలో సూక్ష్మమైన ఎగుడుదిగుళ్లు ఉంటాయి. వెలుగును చెదరగొట్టి మెరుపును చంపేవి అవే, జిడ్డును పట్టుకునేవీ అవే. ఇక మొజాయిక్ సంగతి లెక్కలో చూడండి. పాతిక మిల్లీమీటర్ల చదరాలు వేస్తే చదరపు మీటరు గోడలో కీళ్ల పొడవు 80 మీటర్లు. 300కి 450 మిల్లీమీటర్ల పలకలు వేస్తే ఐదున్నర మీటర్లే. ఉడకబెట్టే వంటకు ఆ 80 మీటర్ల కీళ్లు ముద్దొస్తాయేమో గానీ, రోజూ మిరపకాయ బజ్జీలు వేసే పొయ్యి వెనక వాటిని తోమే ఆడవాళ్ల చేతులను తలుచుకుంటే ఆ సలహా ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

మూడోది నీళ్లు. పుల్లేరు కాలువ పక్క ఇళ్లలో పునాది నుంచి చెమ్మ ఎక్కడం, గోడకు ఉప్పు పట్టడం అందరికీ తెలిసిన బాధే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి మునిగింది. అప్పుడే కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చింది. వరద తీశాక గోడల మీద మిగిలేది ఒండ్రు. మెరుపు పలక మీద ఒండ్రు పైపు నీళ్లకే జారిపోతుంది. గ్లేజు లేని గీతల టైల్ గాళ్లలో ఎండితే బ్రష్షుతో గాడి గాడీ తోమాలి. అందుకని వరద తగిలే వీధుల్లో నడుము ఎత్తు వరకు నునుపు, ఆ పైన గరుకు అన్న పద్ధతి పాటించాలని నా గట్టి సలహా.

వెనక వైపు గరుకు

టైల్ గురించి మాట్లాడేవాళ్లు దాని వెనక వైపును మర్చిపోతారు. 1989 నవంబరులో కితక్యూషూలో ఒక భవనం గోడ టైల్స్ ఊడి కింద నడుస్తున్నవాళ్ల మీద పడి ఇద్దరు చనిపోయారు. పదేళ్లు దాటిన భవనాల బయటి టైల్స్‌ను సుత్తితో తట్టి శబ్దం పరీక్షించాలన్న కచ్చితమైన నిబంధన తర్వాత వచ్చింది. బయటి గోడలకు వాడే జపాన్ టైల్స్ వెనక గాళ్లు లోపలికి వెడల్పయ్యే ఆకారంలో ఉంటాయి. సిమెంటు వాటిలోకి దూరి గట్టిపడితే కొక్కెంలా పట్టేస్తుంది. పెద్ద పలకలకు ఆ గాడి లోతు కనీసం 1.5 మిల్లీమీటర్లు ఉండాలని వాళ్ల ప్రమాణం చెబుతుంది.

మన నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంగుతుంది. గోడ కదులుతుంది. నాలుగు మూలలా ఒక్కో ముద్ద, నడిమిన ఒక ముద్ద సిమెంటు పెట్టి పలకను అదిమే అలవాటు ఇక్కడ చాలా చోట్ల ఉంది. మధ్యలో డొల్ల మిగులుతుంది, చెమ్మ అక్కడ చేరుతుంది, ఎత్తున ఉన్న బరువైన ఎలివేషన్ పలక ఒక రోజు ఊడి పడుతుంది. మన వాల్ టైల్ పది శాతానికి మించి నీరు పీల్చే రకం కనుక సిమెంటుతో అతికేటప్పుడు ముందే నానబెట్టాలి, లేదా దంతెల కరణెతో అడెసివ్‌ను వెనకంతా పరిచి అతకాలి. మేస్త్రి ఎంచుకున్న ఈ వెనక పని, యజమాని ఎంచుకున్న ముందు బొమ్మ కంటే ముఖ్యం.

కంటికి కనబడని టెక్స్చర్

జపాన్‌లో ఇటీవలి పరిశోధన కంటికందని స్థాయిలోకి వెళ్లింది. టైటానియం డయాక్సైడ్ మీద వెలుగు పడితే జరిగే చర్యను శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లో నేచర్ పత్రికలో ప్రకటించారు. అదే పదార్థపు పొర మీద నీరు చుక్క కట్టకుండా పలచగా పరుచుకుంటుందని 1997లో తేలింది. టోటో సంస్థ దానితో వాన నీటికే మురికి జారిపోయే బయటి టైల్స్ చేసింది. దానికి ఎండ కావాలి కనుక బయటి గోడకే సార్థకం. ఇనాక్స్ ఎకోకరాట్ పలకలు ఇంకో దారి. అల్లోఫేన్ అనే మట్టి ఖనిజపు అతి సూక్ష్మ రంధ్రాలు గదిలో తేమ పెరిగితే పీల్చుకుని, తగ్గితే వదులుతాయి. పడకగది గోడకు బాగుంటాయి. నీళ్లు చిమ్మే చోట వాటికి పని లేదు.

తేలిన మాట

మొత్తం చూస్తే ఒక్క టెక్స్చర్ ఇల్లంతటికీ సరిపోదని స్పష్టం. పొయ్యి వెనకకు, స్నానాల గదికి నునుపైన గ్లేజు, వీలైనంత తక్కువ కీళ్లు. పూజగదికి, హాలులో పక్క వెలుగు వచ్చే గోడకు మజోలికా తరహా ఉబ్బెత్తు, పైన గాజుపొర. వానా ఎండా తగిలే ముందు గోడకు, నడుము ఎత్తు పైన, మట్టి రంగు గీతల టైల్. కొనే ముందు ఒక్క పలక ఇంటికి తెచ్చి, నూనె, పసుపు రాసి ఒక రాత్రి ఉంచి తుడిచి చూడండి. అదే పలకను వేయబోయే గోడకు ఆనించి ఉదయం, సాయంత్రం చూడండి.

ఇక తయారీదారులకు ఒక ప్రతిపాదన. ఉయ్యూరుకు దగ్గర్లోనే పెడన ఉంది. అక్కడ కలంకారీ పనివాళ్లు టేకు చెక్క అచ్చుతో ముందు గీత వేసి, తర్వాత ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు వాడి లోపల నింపుతారు. జపాన్ ఉబ్బెత్తు పలక పని కూడా గీతతో హద్దు కట్టి రంగు నింపడమే. ఈ కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు 17వ శతాబ్దంలో డచ్చి ఓడల మీద జపాన్ చేరి అక్కడి అభిరుచిని మలిచాయి. ఇప్పుడు ఆ గీతలను పెడన చేతుల నుంచే తీసుకుని, వాళ్లకు తగిన ప్రతిఫలం ఇచ్చి, లోహపు అచ్చులోకి దించి, మన మట్టితో ఆరంగుళాల ఉబ్బెత్తు పలక ఎందుకు చేయకూడదు? మట్టి ఉంది, బట్టీలు ఉన్నాయి, అచ్చు చెక్కే చేతులు ఉన్నాయి. ఫొటోలో దించిన ఇటలీ రాయి కోసం అంత ఖర్చు పెడుతున్న డెల్టా ఇళ్లలో దీన్ని కొనేవాళ్లు తప్పకుండా ఉంటారు.